ఆదిలక్ష్మి కోసం సమం చేసిన బండి

ఫిబ్రవరి 3, సోమవారం. హిందూపురం

డాక్టరు ఒప్పుకున్నాడు. తుంటికి ఆపరేషను జరిగి నేటికి ఇరవై రెండు రోజులు. ఆదిలక్ష్మి ఇక తన ఇంటికి వెళ్లవచ్చు. షరతు ఒక్కటే: వెల్లకిలా, సమంగా పడుకుని వెళ్లాలి. దారిలో జారి ఆ కాలు దేనికైనా తన్నుకుంటే మళ్లీ ఆపరేషనే, ఈ వయసులో ఇంకొకటి తట్టుకోలేదు అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నా చెల్లెలు నా దగ్గరే ఉంది. పూటకు రెండు ముద్దలు కూడా తినదు. అక్కా, నన్ను మా తోటలో దింపేయ్, ఆడైతే నాకు ఆకలైతాది అంటుంది. తోట పెనుకొండకు అవతల, రాళ్ల వాగు లాంటి వంక దాటి. అంబులెన్సు వంక గట్టు దాకా వస్తుంది. రాళ్లలోకి దిగదు.

దిగగలిగేది నా మనవరాలు మంజులత పికప్ ఒక్కటే. ఫోర్ వీల్ డ్రైవ్. గుట్టదారుల్లో తిరగడానికని పోయినేడు లిఫ్ట్ కిట్ వేయించి బండి ఎత్తు పెంచింది. ఆడపిల్లకు ఇదేం పిచ్చి అని అప్పుడు వారం రోజులు సాధించాను. అన్నది నేనే కాబట్టి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

మంజు ఒక లోపం చెప్పింది. ఎత్తు పెంచినప్పుడు వెనక ఎక్కువ లేచింది, ముందు అంత లేవలేదు. చూడవ్వా, మేత మేసే ఎనుము మాదిరి ముందుకు వంగుండాది అంది.

ఎంత వంగిందో చెప్పమన్నాను. చూపుకు రెండు మూడంగుళాలు ఉంటుందంది. చూపుకు అంటే ఏమిటి? ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. కొలత నేనే తీసుకుంటానన్నాను.

ఖాళీ బండిని కొలిస్తే లాభం లేదు. బరువు పడితే వెనక దిగుతుంది. ఆదిలక్ష్మి 47 కిలోలు, మంచం పరుపు 33, పక్కన కూర్చునే నేను 58. మొత్తం 138 కిలోల ఇసుక మూటలు వెనక పెట్టించాను. బండి మా వాకిట్లో ఎప్పటిలాగే గేటు వైపు ముఖం పెట్టి ఉంది. రివర్సులో లోపలికి తేవాలన్నది ఈ ఇంటి నియమం. బండి వెనక ట్రాలీ మీద రసమట్టం పెట్టి మూడుసార్లు చూశాను. ముందు చక్రాల దగ్గర 60 మిల్లీమీటర్లు తక్కువ.

ముందు స్ప్రింగుల మీద స్పేసర్లనే ఇనుప దిమ్మలు వేస్తే ఆ మేరకు లేస్తుందట. 60 లేపాలని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం. సాయంత్రం 5.10

స్పేసర్లు బిగించి తెచ్చింది. వాకిట్లో మళ్లీ చూశాను. బుడగ సరిగ్గా నడిమధ్య.

ఫిబ్రవరి 8, శనివారం

చెల్లెల్ని ఎక్కించే ముందు ఆ మంచం మీద నేను పడుకుని చూడాలనుకున్నాను. తల కేబిన్ వైపు, కాళ్లు వెనక తలుపు వైపు. మంజు వద్దంది. వినలేదు.

పెనుకొండలో టీ అంగడి దగ్గర బండి ఆగితే ఒకాయన తొంగి చూశాడు. ఏమ్మా, పెద్దామెను యాడికి తీసకపోతాండారు, ఉండాదా పోయిందా అని మంజును అడిగాడు. ఉండానప్పా, నువ్వు టీ తాగు అని నేనే జవాబు చెప్పాను.

కానీ అప్పటికే జానెడు కిందికి జారి ఉన్నాను. రెక్సిన్ పరుపు, బండి అదురు, రెండూ కలిసి మెల్లగా తోస్తూనే ఉన్నాయి. వంకలోంచి గట్టు ఎక్కేటప్పుడు నా పాదాలు వెనక తలుపుకు టక్కున తగిలాయి. నావి గట్టి కాళ్లు. అవి ఆదిలక్ష్మివైతే?

మంజును అక్కడే తిట్టాను. లెక్క నేను సరిగ్గా ఇచ్చాను, బిగించడం నీకు చేతకాలేదు, ఓపిక లేదు, అచ్చం మీ నాయన మాదిరే అన్నాను. ఆమె స్టీరింగు పట్టుకుని ముందుకే చూసింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మంజు ఒకే మాట మాట్లాడింది: రేపు ధర్మవరంలో జాన్ అన్నకు చూపిద్దాం, నువ్వూ రావల్ల.

ఫిబ్రవరి 10, సోమవారం. రాత్రి

జాన్‌కు ధర్మవరంలో స్ప్రింగులు, కమాన్ కట్టలు సరిచేసే షెడ్డు ఉంది. నలభై ఏళ్లుంటాయి, మాట నెమ్మది. మా మూటలు మా చేతే ఎక్కించి రసమట్టం పెట్టాడు. ముందు 40 మిల్లీమీటర్లు ఎక్కువుంది. తక్కువ కాదు, ఎక్కువ.

మీ నేల వంకరగా ఉందన్నాను. ఆయన నవ్వలేదు. ఉంటుందేమో టీచరమ్మా, చూద్దాం అని బండి ముఖం అటు నుంచి ఇటు తిప్పి అదే చోట నిలబెట్టించాడు. మళ్లీ ముందే 40 ఎక్కువ. నేలది తప్పైతే ఇప్పుడు లెక్క తిరగబడాల కదమ్మా, మీ వాకిట్లో ఎప్పుడన్నా ఇట్ల తిప్పి చూసినారా అని అడిగాడు.

తిప్పలేదు. మా ఇంట్లో బండి తిప్పి పెట్టకూడదు. ఆ నియమం నాది. వాన నీళ్లు నిలవకూడదని బండలు పరిచేటప్పుడు మేస్త్రి మారప్పను పక్కన నిలబెట్టి గేటు వైపుకు వాలు పెట్టించిందీ నేనే. నలభై మిల్లీమీటర్లు నేలవి. బండి నిజంగా వంగింది ఇరవై.

జాన్ స్పేసర్లు విప్పి ఇరవైవి వేశాడు. నా వైపు చూడకుండా పని చేశాడు. ఆ మర్యాదకు ఆయనకు రుణపడి ఉంటాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

పొద్దున కాఫీ ఇచ్చి మంజుతో చెప్పాను. తప్పు నాది, నిన్ను అనవసరంగా తిట్టాను, మీ నాయనను కూడా కలిపి తిట్టాను అన్నాను. ఈ ఇంట్లో ఇలాంటి మాట ఎవరితోనూ అన్న గుర్తు లేదు.

తెలుసులేవ్వా అంది. శనివారం రాత్రే వాకిట్లో చెంబుడు నీళ్లు పోసి చూసిందట. గేటు దాకా పారాయట. మరి నాకెందుకు చెప్పలేదంటే, నేను చెప్తే నీళ్లదే తప్పంటావు అంది.

నవ్వు ఆగలేదు. లోపలి నుంచి ఆదిలక్ష్మి, ఏంది, ఏంది, నాకూ చెప్పండి అని అరిచింది. మొత్తం చెప్పాం. ఆపరేషనైన ముప్పై రోజుల తర్వాత ఆమె నవ్వడం విన్నాను.

సాయంత్రం మళ్లీ పెనుకొండ దాకా వెళ్లి వంక దాటి వచ్చాం. ఈసారి పడుకున్నది మంజు, నడిపింది జాన్. ధర్మవరం నుంచి అందుకే వచ్చాడు. మంజు వేలెడు కూడా జరగలేదు.

ఈ పిల్ల నా ఇంట్లో పుట్టినందుకు, నా మాట వినకుండా ఆ బండిని ఎత్తు చేసినందుకు, ఏ దేవుడికి చెప్పాలో తెలియక అందరికీ చెప్పాను.

ఫిబ్రవరి 13, గురువారం. ఆదిలక్ష్మి తోట

ఇక్కడికి 11.40కి చేరాం. పరిగి దారి మలుపు దగ్గర నిద్రపోయినది, వంకలో కూడా లేవలేదు. కళ్లు తెరిచి తన ఇంటి కప్పు చూసింది.

వంక చూడాలనుంటి, ఎందుకు లేపలేదు అని ఇంకా తిడుతోంది. తిట్టనీ.