ఎండకి పల్చబడిన ఆయిలు

తిరువూరు,
శ్రావణ శుక్రవారం, ఉదయం.

చిరంజీవి అవినాష్‌ను మనసారా దీవించి అమ్మ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేము క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. జైల్లో ఉన్న కొడుకుని ఆ మాట ఎలా అడగను? అయినా ఉత్తరం మొదట్లో అది లేకపోతే మనసొప్పదు, అందుకని ఉండనీ.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. ములాఖత్ రోజున జాలీకి అటు నువ్వు, ఇటు మేము, చుట్టూ ఇరవై మంది ఒక్కసారి అరుస్తుంటే ఏం మాట్లాడుకుంటాం? 'అన్నం తింటున్నావా' అని నేను, 'తింటున్నానమ్మా' అని నువ్వు. పైగా పక్కన నాన్నగారుంటారు. ఆయన ముందు చెప్పలేని సంగతులున్నాయి కాబట్టి రాస్తున్నాను. జైలువాళ్ళు విప్పి చదివాకే నీకిస్తారని తెలుసు. చదవనీ.

నాన్నగారి మోకాలి గురించి అడిగావు. నొప్పి అలాగే ఉంది, కోపమూ అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు మోకాలిని, దిగేటప్పుడు నన్ను తిడుతున్నారు. షాపు నడుస్తోంది. నాట్ల రోజులు కదా, గంపలగూడెం వైపు నుంచి ట్రాక్టర్ల వాళ్ళు వచ్చి ఇంజనాయిలు పట్టుకెళ్తున్నారు. మొదట్లో అందరూ నీ గురించి అడిగేవాళ్ళు, సమాధానం చెప్పలేక విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. దానికీ ఏడుపొస్తోంది, ఏం చెయ్యను?

నిద్ర పట్టడం లేదని రాశావు. 'అమ్మా, కళ్ళు మూస్తే ఆ వినగడప మలుపే కనపడుతోంది. నేను నిజంగా బ్రేకు తొక్కానా? తొక్కితే ఎందుకు తొక్కాను? ముందు ఏమీ అడ్డం రాలేదు కదా' అన్నావు. ఆ రెండు లైన్లు చదివి కాగితం మడిచేశాను, మళ్ళీ విప్పడానికి రెండు రోజులు పట్టింది. కోర్టులో నువ్వు చెప్పింది కూడా నాకు గుర్తే. 'ఉన్నట్టుండి గట్టిగా బ్రేకు వేసుంటాను సార్. కారు అడ్డం తిరిగింది. మోపెడ్ మీద ఎదురొస్తున్న మరియదాసు గారు నా వల్లే చనిపోయారు' అన్నావు. లాయరు గారు నీ చొక్కా పట్టి లాగుతున్నా వినలేదు. రెండేళ్ళు వేశారు. నీ ప్రశ్నకి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది నాన్నా, కాస్త ఓపిక పట్టు. నేను అక్కడిదాకా నడవాలి కదా.

కారుని పోలీసులు ఏడాది ఉంచుకుని ఈ జూన్‌లో వదిలారు. ట్రాలీ మీద తెచ్చి షాపు వెనక రేకుల షెడ్డులో దించాం. నూజివీడు మామిడితోటలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఆ రెండు సీట్ల పాత ఇంగ్లాండు కారుని నువ్వూ మన మెకానిక్ యోసేపూ నాలుగేళ్ళు కష్టపడి నిలబెట్టారు. ఇప్పుడు ముందు భాగం నుజ్జయింది. నేను ఆ వైపు పోవడం మానేసి, బట్టలు డాబా మీద ఆరేసుకుంటున్నాను.

ఏడాదిగా తిరక్క ఇంజను పట్టేసి ఉంటుంది, లోపల తుప్పు తినకముందే సరైన ఆయిలు పోయించు, ఏదో యోసేపన్నకి తెలుసు, అడుగు అని రాశావు. అడగడానికి యోసేపు మన వీధిలో లేడు. ఈ సంగతి నీకు చెప్పకుండా దాచాం. ప్రమాదం జరిగిన వారానికి నాన్నగారు అతన్ని షాపు ముందు నలుగురిలో నిలబెట్టి, 'నువ్వు ముట్టుకున్న బండే నా కొడుకుని ముంచింది' అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. అతని దగ్గరికి బండి తెచ్చేవాడే కరువయ్యాడు. షెడ్డు మూసేసి, ఎ.కొండూరులో ఎవరి కొట్లోనో పంక్చర్లు వేసుకుంటున్నాడు. పాతికేళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి!

పోయిన శనివారం బస్సెక్కి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడి, ట్యూబు నీళ్ళలో ముంచిన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నువ్వు అడిగింది చెప్పాను. ముఖం వికసించింది. నాన్నగారు అన్న మాటలు అసలు గుర్తే లేనట్టు మొదలుపెట్టాడు.

"పాత ఇంజనుకి పాతకాలం ఆయిలేనండి అమ్మగారూ. చిక్కటి మినరల్ ఆయిలు, డబ్బా మీద ట్వంటీ ఫిఫ్టీ అని రాసుంటది. అందులో జింకు బాగా ఉండాలండి. ఆ ఇంజను లోపల ఇనుము ఇనుముని రాసుకుంటా తిరిగే చోట్లున్నాయి. జింకు లేకపోతే అరిగిపోద్దండి. కొత్త ఆయిళ్ళలో అది తగ్గించేశారు, కొత్త కార్ల సైలెన్సర్లలో ఉండే సామాను పాడవుద్దని."

"కొత్తది ఇంకా ఖరీదు కదా, ఇంకా మంచిది కాదా?" అన్నాను. ఎందుకడిగానో నాకు తెలుసు.

"కొత్త కారుకి మంచిదండి. దీనికి కాదు. దీని వెనక ఆయిలు కారకుండా ఆపే సీలు రబ్బరు కాదండి, తాడు. పల్చటిది పోస్తే ఆ తాడులోంచి కారిపోద్ది. ఉన్న కాస్తా వేడికి నీళ్ళయిపోద్ది. బాబుకి ఇదంతా నోటికొచ్చండి, ఆయనకి నేను చెప్పక్కర్లేదు."

సోమవారం వచ్చి ఇంజను విప్పాడు. దగ్గర కూర్చోమని ఎవరూ అనలేదు, అయినా స్టూలు వేసుకుని కూర్చున్నాను. అడుగున ఆయిలు ఉండే పెట్టె దించితే అందులో గరిటెడు కూడా లేదు. ఆ ఉన్నదాన్ని వేళ్ళ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. మళ్ళీ రుద్దాడు. నేను కూడా ఆ పని ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను, అతని వేళ్ళకి ఏం తెలిసిందో నాకు చూస్తుండగానే అర్థమైంది.

"అమ్మగారూ, ఇది నేను చెప్పిన ఆయిలు కాదండి" అన్నాడు.

నేను స్టూలు మీంచి లేచి కాఫీ తెచ్చిచ్చాను.

"ఇన్నాళ్ళూ నా పనిలోనే ఏదో తేడా వచ్చిందనుకున్నానండి. అందుకే అయ్యగారు తిట్టినా నోరెత్తలేదు. ఏ బోల్టు సరిగా బిగించలేదో, ఏది మర్చిపోయానో అని లెక్కలేసుకుంటానే ఉన్నానండి." చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండా, "బాబుకి చెప్పండి" అని వెళ్ళిపోయాడు. ఇచ్చిన కాఫీ అలాగే ఉండిపోయింది.

చెబుతున్నాను.

నేను కాపురానికొచ్చిన కొత్తలో మీ నాయనమ్మ నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి చెప్పిన మొదటి పాఠం ఒకటుంది. బోణీ కాకముందు షాపులో 'లేదు' అనే మాట వినపడకూడదు. నిండుకుందనాలి, లేదంటే దానికి బదులు మరొకటి చేతిలో పెట్టాలి. అడిగింది బిచ్చగాడైనా సరే, కన్నబిడ్డైనా సరే. అది నా నాలుక్కి అలవాటైపోయింది. ప్రమాదం జరిగిన ఆ శుక్రవారం పొద్దున్న ఇంకా దీపం వెలిగించి అగరొత్తులు గుచ్చుతున్నాను, నువ్వు ఖాళీ క్యాను ఊపుకుంటూ వచ్చావు. ఆదివారం విజయవాడలో పాత కార్ల ప్రదర్శన. ఉన్న ఆయిలు తీసేశావు, కొత్తది పోసి ఒకసారి గంపలగూడెం దాకా నడిపి చూడాలని తొందర. 'అమ్మా, నా ఆయిలొచ్చిందా?' అన్నావు.

రాలేదు. విజయవాడ నుంచి రావాల్సిన సరుకు రాలేదు. ఆ మాట అంటే నువ్వు ఆ మండుటెండలో మోటార్ సైకిలేసుకుని విజయవాడ పోతావు. బోణీ వేళ లేదనడానికి నోరు రాలేదు. వెనక అరలో కొత్త కార్ల కోసం తెప్పించిన సింథటిక్ ఆయిలుంది, షాపు మొత్తంలో అంతకంటే ఖరీదైన సరుకు లేదు. యోసేపు వద్దన్నాడని నువ్వు నాకు పదిసార్లు చెప్పావు. ట్రాక్టర్లు బాగుచేసేవాడికి ఇంగ్లాండు కారు గురించి ఏం తెలుసులే అనుకున్నాను. నా కొడుక్కి చవక ఆయిలా, ఉన్నవాటిలో గొప్పదే పోస్తాను అనుకున్నాను. సీసా చూస్తే నువ్వు ఒప్పుకోవు. అందుకని లోపలికి తీసుకెళ్ళి నీ క్యానులో నింపి తెచ్చాను.

నువ్వు ఇంజనులో పోస్తూ మధ్యలో ఆగావు. "పల్చగా ఉందేంటమ్మా?" అన్నావు.

"ఎండకి పల్చబడింది నాన్నా, మే నెల కదా" అన్నాను.

"నీ వేళ్ళకి తెలియని ఆయిలా" అని నవ్వి, మిగతాదంతా పోసేశావు. యోసేపు ఆ రోజు ఊళ్ళో లేడు. ఉంటే ఒక్క చుక్క చూసి ఆపేవాడు.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు. నువ్వు బ్రేకు తొక్కలేదు. కారుతూ కారుతూ ఆయిలు పోయింది, మలుపు దగ్గరికొచ్చేసరికి ఇంజను బిగుసుకుంది, దానితోపాటు వెనక చక్రాలూ బిగుసుకున్నాయి. రోడ్డు మీద వెనక చక్రాల గీతలు రెండే ఉన్నాయని, బ్రేకు వేస్తే ముందువీ పడేవని, మర్నాడు ఊరి నుంచి రాగానే వెళ్ళి యోసేపు చూశాడట. నీ కాలు ఏ తప్పూ చెయ్యలేదు. దాన్ని తలుచుకుని నిద్ర పాడుచేసుకోకు.

ఇన్నాళ్ళూ ఎందుకు దాచానంటే, మొదటి రోజు భయం. రెండో రోజు నువ్వు స్టేషన్లో ఉంటే ఎలా చెప్పాలో తెలియలేదు. తర్వాత నువ్వే ఒప్పుకున్నావు. ఒప్పుకున్నాక ఇంకేముందిలే, అయిపోయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు బోనులో నిలబడి ఆ మాట అంటుంటే నేను మూడో బెంచీలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు.

సోమవారం సాయంత్రమే నాన్నగారికి చెప్పేశాను. కొడతారేమో అనుకున్నాను. ఆయన లేచి లాయరు గారికి ఫోను చేశారు. మర్నాటికి అప్పీలు కాగితాలు తయారు. తీసుకుని చదివాను. మెకానిక్ యోసేపు తప్పుడు ఆయిలు పోయడం వల్ల ఇంజను పట్టేసిందని ఉంది అందులో.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఆయిలు తప్పన్నది నిజమే కదా. పోసిన చెయ్యి ఎవరిదైతే కోర్టుకేంటి? వాడి షెడ్డు ఎలాగూ పోయింది, ఇంకేం పోద్ది వాడికి? నువ్వు నోరు మూసుకుంటే నెల తిరక్కుండా నీ కొడుకు ఇంట్లో ఉంటాడు" అన్నారు.

బుధవారం అంతా నేను ఆ కాగితానికి ఒప్పుకునే ఉన్నాను అవినాష్. ఇది కూడా రాయాలి. పొద్దున్నుంచీ నీ గది ఊడ్చాను, నీ దుప్పట్లు ఉతికాను. నువ్వొస్తావని సంతోషంగా పని చేసుకున్నాను. ఒక మనిషిని నీ చోట కూర్చోబెట్టి తెచ్చుకుంటున్న సంతోషమది. తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తోంది.

నిన్న ఆటోలో వినగడప వెళ్ళాను. మరియదాసు భార్య ఎస్తేరమ్మ పత్తిచేలో కలుపు తీసి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను గుర్తుపట్టింది, కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను, ఇప్పుడు నీకు రాసినట్టే, క్యాను సంగతితో సహా. ఆవిడ చెంబు పట్టుకుని అలాగే ఉంది, నీళ్ళు పాదాల మీద నుంచి కారిపోయాయి.

"ఇప్పుడొచ్చారేంటండీ?" అంది చివరికి. "ఏడాది పైన మీ అబ్బాయిని తిట్టుకుంటా బతికానండి. పొద్దున్న లేస్తే ఆడి పేరే. ఆడు జైల్లో కుళ్ళిపోవాలని ఆదివారం గుడిలో మోకాళ్ళ మీద పడి అడిగాను. అంత పాపం నా చేత చేయించారు కదండీ."

క్షమించమని అడగబోయాను. "ఎళ్ళండి" అంది. వచ్చేశాను. గుమ్మం దాటాక వెనక నుంచి తిట్లు మొదలుపెట్టింది. రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కేదాకా వినపడుతూనే ఉంది. ప్రతి మాటా నాకు తగినదే.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి బుధవారం అవుతుంది. ఆ తర్వాత శనివారం నాన్నగారు, లాయరు గారు అప్పీలు మీద సంతకం కోసం వస్తారు. పెట్టవద్దు. యోసేపు పేరున్న చోట నా పేరు రాసేదాకా పెన్ను పట్టుకోకు. నాన్నగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, పరువంటారు, షాపంటారు, మీ అమ్మని నువ్వే జైలుకి పంపుతావా అంటారు. అనేదంతా విను, సంతకం మాత్రం చెయ్యకు. నేను వాళ్ళతో రావడం లేదు. ఆ రోజు తిరువూరు స్టేషన్లో జరిగింది జరిగినట్టు రాసివ్వడానికి యోసేపుని తోడు రమ్మన్నాను. ముందు 'నాకెందుకండి' అన్నాడు, తర్వాత వస్తానన్నాడు. విప్పిన ఆ పెట్టె, అందులో మిగిలిన ఆయిలు అలాగే ఉంచాను.

నన్ను ఏం చేస్తారో లాయరు గారు చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు నాతో మాట్లాడకపోయినా, ఉత్తరం రాయకపోయినా ఎందుకని అడగను. ఒక్కటి మాత్రం చెయ్యి. నిన్ను వదిలిన రోజున తిన్నగా ఇంటికి రాకు. వినగడపలో దిగి ఎస్తేరమ్మకి కనపడి రా. నిన్ను ఏమీ అనదు. ఇక నుంచి తిట్టుకోవడానికి ఆవిడకి నేనున్నాను.

ఇట్లు,
మీ అమ్మ
ఇందిరాదేవి