అయిదువందల ఏళ్ల నాటి నా బాణీ

పెకింగ్, 1934, శరత్కాలం

అక్కా,

వచ్చేనెల నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు మా సంగీత సభలో యాన్ గురువుగారు ఏడు తీగల చిన్ వాద్యం మీద ఒక ప్రాచీన బాణీ వాయిస్తారు. పోయిన పండక్కి మీ వంటింట్లో నేను రోజంతా తీసిన కూనిరాగమే అది. దయచేసి నోరు మెదపకు.

అది నేను కట్టిందే. మొదట నా పేరుతోనే చూపిస్తే, ‘భౌతికశాస్త్రం చెప్పుకుంటూ అయస్కాంతాలు తిప్పుకునేవాడివి, నీకు బాణీలెందుకు నాయనా?’ అని ఆయన చూడకుండానే పక్కన పడేశారు. నాకు ఒళ్లు మండింది. మీ మామగారి మందుల కొట్టు నుంచి నువ్వు పంపిన పాత కాగితాల మీద దాన్నే మళ్లీ రాసి, అయిదువందల ఏళ్ల నాటిదని చెప్పి ఇచ్చాను.

మన పాత చిన్ బాణీల రాతల్లో వేళ్లు ఎక్కడ పెట్టాలో ఉంటుంది గానీ ఒక్కో స్వరం మీద ఎంతసేపు ఆగాలో ఉండదు కదా. అది తేల్చడానికి ఆయన మూడు నెలలు తిండి కూడా మరిచిపోయి కూర్చున్నారు. చివరికి పోయిన సభలో వాయించి, ‘ఇలాంటిది ఈ కాలంలో ఎవడికి చేతనవుతుంది!’ అని కళ్లు తుడుచుకున్నారు. స్టాప్‌వాచీతో కొలిచి కట్టినవాణ్ణి, ఊరుకోలేక, చివరి భాగం ఇంకాస్త వేగంగా ఉండాలేమో అన్నాను. ‘రాసినవాడి మనసు నీకేం తెలుసురా!’ అని కసిరారు.

సిగ్గుచేటేమిటంటే, ఆయన వాయించిందే బాగుంది. నా బాణీలో అంత దిగులుందని నాకే తెలియదు. అందుకే నిజం మింగేసి, దాన్ని ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాను. నిన్న విసనకర్రతో నా వేళ్ల మీద ఒక్కటిచ్చి, ‘నీ వాయింపు వింటే ఆ రాసిన మహానుభావుడు కంటతడి పెడతాడు’ అన్నారు.

పెట్టాను అక్కా, నవ్వు ఆపుకోలేక.

నీ తమ్ముడు