బిళ్ళ మీద ముఖం

ఆళ్లగడ్డ, జూన్ 4

ప్రియమైన రాజరత్నానికి,

నువ్వడిగిన బొమ్మ ఈ కవరులో ఉంది. ఫోన్ చేసి చెప్పొచ్చు. రామేశ్వరమ్మ పోయినప్పటి నుంచి ఫోన్లో మాట్లాడటం నాకు చేతకావడం లేదు.

నంద్యాల బడిలో డ్రిల్లు టీచరుగా ఆమె పిల్లలకు నేర్పిన ఆట ఇది. ప్లాస్టిక్ బిళ్ళను దూరం నుంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయడం. డిస్క్ గోల్ఫ్ అంటారని ఆమె ఇంటికొచ్చి చెబితే, రాతి పనివాణ్ణి, నవ్వాను. ఇప్పుడు ఆమె పేరుతో పోటీ పెట్టి, బిళ్ళల మీద ఆమె బొమ్మ అచ్చు వేస్తామంటున్నారు. మంచిది.

వెనక నుంచి గీశాను. చెయ్యి వెనక్కు లాగి, ఇక విసరబోతోంది. ముఖం కనబడదు. మా పనిలో విగ్రహానికి కళ్ళు చివరన తెరుస్తాం. ఈమెకు తెరవడం నా వల్ల కాలేదు. ఇంకెవరూ ముఖం పెట్టకూడదు. నా షరతు అదొక్కటే.

నీ మిత్రుడు
నాగలింగం


నంద్యాల, జూన్ 9

ప్రియమైన నాగలింగప్పకు,

బొమ్మ చూసి మా ఏసమ్మ లోపలికి పోయింది. అన్నం పెట్టడానికి కూడా రాలేదు.

కానీ ఇది అచ్చుకు రాదప్పా. నేను పెళ్ళిపత్రికల మీద వేసే బంగారు రేకు లాంటిదే ఇక్కడా, నల్లది. ఇత్తడి బ్లాకును వేడి చేసి రేకు మీద అదిమితే గీత బిళ్ళకు అంటుకుంటుంది. నువ్వు జడలో వెంట్రుక వెంట్రుకా గీశావు. గీతల మధ్య సందు లేకపోతే అంతా కలిసి ముద్దవుతుంది. ఒకటి వేసి చూశాను. ఆడే పిల్లల్లో పెద్దది శ్రీవాణి అది పట్టుకుని, "ఏంది మామా, టీచరమ్మ ఈపున తారు పోసినావా?" అంది. "యాడ నేర్చుకున్నావే ఈ నోరు?" అన్నాను. "ఆమె కాడనే" అంది.

గీతలు తగ్గించు. లావుగా గీయి. నీ రాయి కాదిది, ప్లాస్టిక్.

నీ
రాజరత్నం


ఆళ్లగడ్డ, జూన్ 17

ప్రియమైన రాజరత్నానికి,

మళ్ళీ గీశాను. రాతిలో అక్కరలేనిది తీసేస్తాం. ఇక్కడ కావలసినవే తీసేయాల్సి వచ్చింది. మొదట వెంట్రుకలు పోయాయి. తర్వాత చీర మడతలు, గాజులు. భుజం, మోచెయ్యి, చెవి కమ్మ, చేతిలో బిళ్ళ మిగిలాయి. అయినా ఆమే.

శ్రీవాణి ఏమందో రాయి.

నీ
నాగలింగం


ఆళ్లగడ్డ, జూలై 6

రాజరత్నం,

నిన్న బస్టాండులో రుద్రవరం బస్సు కోసం నిలబడిన ఒక పిల్ల చేతిలో నీ బిళ్ళ కనబడింది. అడిగి తీసుకుని చూశాను. తల ఇటు తిప్పి ఉంది. ముఖం ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. కింద నా పేరు.

"మా టీచరమ్మ సార్. బాగుండాది గదా?" అంది ఆ పిల్ల. నేనెవరో చెప్పలేదు.

నేను అడిగింది ఒక్కటే. అది కూడా నిలుపుకోలేదు నువ్వు.

ఇంకో సంగతి. అది ఊహించి గీసిన ముఖం కాదు. అలసిపోయినప్పుడు ఆమె ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుంది. అదీ ఉంది. ముక్కుపుడక మాత్రం లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆ పుడక తీయగా నేను చూడలేదు. చిన్న చుక్క రేకులో నిలవదని రాయకు. కమ్మ నిలిచింది.

పుడక లేని నా భార్యను నువ్వెక్కడ చూశావు?

నాగలింగం


నంద్యాల, జూలై 19

నాగలింగప్పా,

ఈ ఉత్తరం రాసి చింపి, రాసి చింపి, ఇప్పటికి పంపుతున్నాను.

స్కానింగు గది బయట చూశాను. లోపలికి లోహం తేకూడదని పుడక తీయించారు. బయటికి వచ్చి, "మొగుడు గూడా తీపించలేని పుడక ఈ మిషను తీపిచ్చింది రాజన్నా" అని నవ్వింది. ఏసమ్మ అప్పుడు ఫోటో తీసింది. బిళ్ళ మీది ముఖం అందులోదే. ముఖం లేకపోతే విసిరేది లేదని పిల్లలు మొండికేశారు. "ఈపు చూపిచ్చి పోయే మనిషా ఆమె?" అంది శ్రీవాణి. నీ షరతు తప్పింది నేనే.

పోయిన ఏడాది ఉగాదికే ఆమెకు జబ్బు సంగతి తెలుసు. నీకు తెలిసింది దసరా తర్వాత. బడి వదిలాక మాతో ఆసుపత్రికి వచ్చి, సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ పోయేది. నీకు చెప్పమని పోరాడాను. "బళ్ళారి గుడికి చెక్కుతుండే అమ్మవారికి కండ్లు తెరవనీ అన్నా. నడుమ తెలిస్తే ఉలి పారేస్తాడు. మా మామ ఏం చేసినాడో చూసినా గదా. అత్తకు బాగలేదని సగం చెక్కిన రాయి ఇడిసిపెట్టినాడు. సచ్చేదాకా మళ్ళ ఉలి పట్టలే. ఈయప్ప అట్ల కూచుంటే నేను చూడలేను" అంది. మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

బ్లాకు నా దగ్గరే ఉంది. కరిగించమంటే కరిగిస్తాను.

రాజరత్నం


ఆళ్లగడ్డ, ఆగస్టు 2

రాజరత్నం,

అమ్మవారికి కళ్ళు తెరిచిన రోజు, మొదటి చూపు పడాల్సిన అద్దం పట్టుకుంది ఆమే. "బాగొచ్చింది" అంది. ఇంటికొచ్చాక కడుపులో నొప్పి అంది. అప్పుడే మొదలైందనుకున్నాను. డాక్టరుతో అదే చెప్పాను. ఆయన ఆమె వైపు చూసి, కాగితాల్లోకి తల దించుకున్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మా నాయన ఉలి వదిలి మా అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. పోయేదాకా కాళ్ళు ఒత్తాడు. ఆయన చెడిపోయాడని మీరంతా అనుకున్నారు. నేను అనుకోలేదు. నాకూ అలా కూర్చునే వీలు ఉండింది. మీరు ముగ్గురూ కలిసి దాన్ని తీసుకుని, నాకొక విగ్రహం ఇచ్చారు.

ఆమెతో పోట్లాడటానికి ఆమె లేదు. నువ్వున్నావు.

బ్లాకు కరిగించొద్దు. పిల్లలు వాళ్ళ టీచరు ముఖం అడిగారు, అందులో తప్పు లేదు. నా పేరు తీసేయి. పోటీ జరపండి. నేను రాను.

నిన్ను క్షమించలేదు. ఆ మాట ఇప్పట్లో ఎత్తకు. కానీ ఉగాది నుంచి దసరా దాకా ఆమె ఎలా ఉండిందో మీకు తెలుసు, నాకు తెలియదు. ఆసుపత్రి వసారాలో ఎక్కడ కూర్చునేదో, సూది పొడిస్తే ఏమనేదో, బస్సు ఎక్కే ముందు ఏమైనా తినేదో లేదో రాసి పంపు. చిన్నదని ఏదీ వదలొద్దు. ఏసమ్మను కూడా రాయమను.

నాగలింగం