తూకానికి దిగని ట్రాక్టర్

లవోన్ వదినకు,

కౌంటీ సంతలో బరువు లాగే పోటీకి మీ తమ్ముడు డెల్బర్ట్ ఏరికోరి మీ నాన్నగారి పాత ట్రాక్టర్‌నే బాగుచేశాడు. డ్రైవర్‌తో కలిపి తూస్తే పోటీలో ఒప్పుకునే బరువు దాటింది. దీపాలు, మడ్‌గార్డులు, ఆఖరికి సీటు మెత్త కూడా పీకేశాడు.

"ఇంకేం తియ్యాలే?" అని తల పట్టుకున్నాడు.

"ముందు ఆ డోనట్లు మానెయ్," అన్నాను.

"నేను ఇంజన్ గురించి మాట్లాడుతుంటే డోనట్లేంటే!" అని కసిరాడు.

చివరికి తన బదులు, తనకంటే తేలికైన నేనెక్కాను. అలా మిగిలిన బరువుకి సరిపడా ఇనుప దిమ్మలు ముందు తగిలిస్తే, లాగేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేవలేదు. ట్రోఫీ మనదే!

ఇప్పుడు వచ్చే పోటీకి ఇంకో దిమ్మ తగిలించాలట, నన్ను తిండి తగ్గించమంటున్నాడు. అందుకే మీ తమ్ముణ్ణి మీ ఇంటికి పంపిస్తున్నాను. కడుపునిండా డోనట్లు పెట్టండి. ట్రాక్టర్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.

మీ మరదలు