గ్రాంట్ గారి పాత ఇంటిపేరు

పామర్‌స్టన్ నార్త్,
14 జూన్ 2006, బుధవారం

లాజరస్ అన్నయ్యకు,

చెల్లెలు జ్ఞానమణి వందనాలు, వదినకు కూడా. ఇక్కడ చలి గట్టిగా ఉంది. ఒంట్లో బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. ఫోన్‌లో చెబితే వద్దంటావని రాస్తున్నాను.

నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో గ్రాంట్ అనే యూదు పెద్దాయన ఉన్నాడు. రోజూ ఆయనకు గడ్డం గీసేది నేనే. గీస్తున్నంతసేపూ ఇంటిపేర్ల కబుర్లే. పూర్వం వాళ్ళలో చాలామందికి ఇంటిపేర్లు లేవట, ఫలానావాడి కొడుకు ఫలానా అంతే. యాజకుల వంశానికి మాత్రం కోహెన్ అని ఉండేదట. రెండు వందల ఏళ్ళ కిందట రాజు హుకుంతో గుమాస్తాలు వచ్చి, తలా ఒక పేరు రాయించుకోమన్నారట. కొందరు ఊరి పేరు, కొందరు పని పేరు పెట్టుకున్నారు. ష్నైడర్ అంటే దర్జీ అట.

మరి మీదో అన్నాను. నా చెయ్యి ఆపి, ముందు తలుపు వెయ్యమన్నాడు.

అసలు పేరు గెర్బర్. తోళ్ళు ఊని పదును చేసేవాళ్ళని అర్థం. ఆయన పన్నెండో ఏట వాళ్ళ కుటుంబం ఇక్కడికి వచ్చింది. యుద్ధం రోజుల్లో జర్మన్ పేరని ఇరుగుపొరుగు అనుమానంగా చూస్తుంటే తండ్రి గ్రాంట్ అని మార్చాడు. గ్రాంట్ గారి కొడుక్కి కూడా ఇది తెలియదు. నా సమాధి రాయి మీద గెర్బర్ అనే ఉండాలి, వాడికి నేనే చెబుతాను, అంతదాకా నీ కడుపులో పెట్టుకో అన్నాడు. మీ ఇంటిపేరు రత్నం పాత పేరేనా అని నన్నూ అడిగాడు. అవునన్నాను.

సోమవారం పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఈ వారం గడవడం కష్టమన్నారు. కొడుకు శనివారం క్రైస్ట్‌చర్చ్ నుంచి వస్తున్నాడు.

ఆయన మాటకు కాగితం లేదు, సాక్షి లేదు. నర్సు కిరణ్మయి, నీకెందుకే తల్లీ, నీ వీసాకు వచ్చే నెల మేనేజర్ లెటర్ కావాలి, అది చేతికొచ్చేదాకా నోటికి ప్లాస్టర్ వేసుకో అంది. జబ్బు మనిషికి ఏదో నూరిపోసిందని కొడుకు కంప్లైంట్ ఇస్తే నేరుగా విమానం ఎక్కిస్తారంది. నిజమే. చెప్పకపోతే రాయి మీద గ్రాంట్ అని చెక్కుతారు. అదీ నిజమే.

ఈ ఉదయం గడ్డం గీస్తుంటే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంతసేపటికీ వదల్లేదు.

నీ చెల్లెలు,
రత్నం జ్ఞానమణి

తా.క.: శనివారం. కవరు అంటించలేదు. కొడుక్కి చెప్పాను. యాభై ఏళ్ళు నాతో అనని పేరు నీతో అన్నాడా, అన్నాడే అనుకో, నీకెలా గుర్తుంది అని గొంతు పెంచాడు. మా తాతలదీ ఆ పనే, మా నాన్న మిషన్ స్కూల్లో చేరేటప్పుడు తోళ్ల అనే ఇంటిపేరు తీయించి రత్నం అని రాయించాడు, అందుకే మరిచిపోలేదన్నాను. మనం ఇంట్లో కూడా అనని మాట, అన్నయ్యా. అతను నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఇంకా తలుపు తీయలేదు. ఈలోగా పెద్దాయన దగ్గరికి వెళ్తే మళ్ళీ నా మణికట్టు పట్టుకున్నాడు. మీ వాడికి చెప్పానన్నాను, నా పేరు గురించి ఆవేళ అబద్ధమాడానని అదీ చెప్పాను. అప్పుడు చెయ్యి వదిలాడు.