విత్తనపు కాయలు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రాజోలులో అరెకరం కూడా కొనలేక, మా అబ్బాయి నువ్వెళ్లిన రాయచూరు వైపే చవగ్గా పొలం చూశాడు. కుటుంబమంతా కదలడం నా మాట మీద ఆగింది.

నీ వాటా అమ్ముకుని వెళ్లావన్న కోపం నాకు నలభై ఏళ్లయినా చల్లారలేదు. అక్కణ్ణించి విత్తనానికి కొబ్బరికాయలు అడిగితే, కావాలనే పీచు ఒలిపించి పంపాను. ఒలిచిన కాయ మొలవదని నీకూ తెలుసు. నువ్వు పల్లెత్తు మాట అనలేదు.

నిన్న నీ కొడుకు ఫోన్ చేశాడు. "వచ్చెయ్యండి బాబాయ్. పెరట్లో కొబ్బరిచెట్టుకి చోటు నాన్నగారు అలాగే ఉంచేరండి. ఎప్పటికైనా తమ్ముడే తెస్తాడనేవారు."

పొద్దున్నే చెట్లెక్కే వీరన్న చేత పెరటి చెట్టువి నాలుగు ముదురుకాయలు దింపించాను. "ఒలిచెయ్యమంటారాండీ?" అన్నాడు.

వద్దన్నాను.