పెండ్లి కార్డులో పెద్ద మాటలు

2005 ఏప్రిల్ 3, ఆదివారం. బాబుపేట్.

ఇవాళ్టి నుంచి తెలుగు చదవడం నేర్చుకుంటున్నాను! ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ మేముండేది మరాఠీ ఊర్లో. నా బడీ మరాఠీదే, అదీ ఆరో తరగతితో సరి. ఈ డైరీలో కూడా మాటలు తెలుగువి, అక్షరాలు మరాఠీవి.

కారణం: భాగ్యలక్ష్మి అక్క పెండ్లి. మా ఇంట్లో మొదటి కార్డుకు పసుపు పెట్టి, ఇంటివాళ్లలో ఒకరు నిలబడి అందరికీ చదివి వినిపించాకే మిగతావి పంచుతారు. ఎప్పుడూ లచ్చయ్య తాత చదివేవాడు. తాత నిరుడు పోయాడు. పద్మాపూర్ గనిలో పనిచేసే నాయినకు చదువు రాదు.

భూమన్న పెదనాయిన అందరి ముందూ అడిగాడు: "ఇగ కార్డు ఎవలు సదువుతరు సదానందం? కోర్పనా సంతల కెల్లి ఎవలనన్న పిలుసుకరావాల్నా?"

"ఎందుకే? మా దత్తు సదువుతడు" అన్నాడు నాయిన.

నేను! నలుగురు కనిపిస్తే తలుపు చాటుకు పోయే నేను!

గడువు: 17వ తేదీ. రోజుకు ఐదు మాటలు. అక్షరాల చార్టు కొన్నాను.

ఏప్రిల్ 4, సాయంత్రం 6

మంచిర్యాలలో మేనత్త కూతురు శ్రీవాణి వదిన పిల్లలకు ట్యూషన్ చెప్తుంది. కార్డు సంగతి చెప్తే, నాయిన ఫోన్‌కు ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పంపింది: "పెద్దమాటను సూసి బెదరకు మరిదీ. మక్కకంకి లెక్క ఒలువు. బంధు, మిత్ర, సమేతం."

ఒలిచాను. చుట్టాలు, దోస్తులు, వాళ్లతో కలిసి. ముక్కలన్నీ మరాఠీ బడిలో విన్నవే! పెద్ద మాటలంటే ఇంతేనా?

ఏప్రిల్ 5

కొత్త ముక్క: 'స'. ముందు తగిలిస్తే 'తోపాటు'. సకుటుంబం. సపరివారం.

అమ్మను సబజ్జీ చాయ్ అడిగాను. చాయ్ ఒక్కటే వచ్చింది.

ఏప్రిల్ 7

మూడు మాటలే. మిగిలిన రెండూ రేపటి ఐదుతో కలిపి ఏడు. చార్టులో 'ఈ' దాకా వచ్చాను.

ఏప్రిల్ 9

నేను పనిచేసే పిండి గిర్నిలో ఒకటే రద్దీ. మాటలు: 0. కానీ మనసులో చాలా అనుకున్నాను.

ఏప్రిల్ 11

ఎండ 44. వేడికి అక్షరాలన్నీ కరిగి ఒకేలా కనిపిస్తున్నాయి. ఫోన్‌లో పాము ఆట ఆడాను. వేళ్లకు మంచిది. పాము: 412. మాటలు: 0.

ఏప్రిల్ 13

వదిన మెసేజ్: "ఎన్నైనయ్ మరిదీ?"

పాము: 530.

ఏప్రిల్ 15

అమ్మ చార్టును బియ్యం డబ్బా కింద పరిచింది. నేను చూడనట్టు ఉన్నాను.

ఏప్రిల్ 16

జ్వరం రావాలని చంకలో ఉల్లిగడ్డ పెట్టుకున్నాను. వాసన వచ్చింది. జ్వరం రాలేదు.

నాయిన కొత్త అంగీ ఇస్త్రీ చేయించుకున్నాడు. నేను చదువుతుంటే పక్కన నిలబడతాడట. ఏం చేయను?

ఏప్రిల్ 17, ఆదివారం

ఉదయం పది. ఇల్లంతా జనం. కార్డు చేతికిచ్చారు. కళ్లు మూసుకున్నాను. తెరిచాను.

మరాఠీ అక్షరాలు!

మాటలు మాత్రం తెలుగువే. తాత ఎన్నోసార్లు చదవగా విని, ఆ పాఠం నాయినకు నోటికొచ్చు. ప్రెస్సులో నోటితోనే చెప్పాడు. ప్రెస్సాయన దగ్గర తెలుగు అక్షరాలు లేవు. విన్నది విన్నట్టు మరాఠీ అక్షరాల్లో అచ్చేశాడు. నాయినకు తేడా తెలియలేదు.

గడగడా చదివాను! 'బంధుమిత్రసమేతంగా' దగ్గర పెదనాయిన చెయ్యెత్తాడు.

"ఆగు. గంత పొడుగు మాట! అర్థమేందిరా దానికి?"

గింజ గింజ ఒలిచి చెప్పాను. పెదనాయిన ఎత్తిన చెయ్యి దించాడు.

"మీ తాత సదివిండు గని, అర్థం ఎన్నడు జెప్పలే బిడ్డా."

నాయిన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు.

ఏప్రిల్ 20

కార్డులు మంచిర్యాల చేరాయి. వదిన మెసేజ్: "మరిదీ, గీ కార్డు ఈడ ఒక్కలకు సదువొస్తలేదు. పెండ్లి ఎవలిదని అడుగుతున్రు!"

నాయిన నవ్వి, అక్కడే తెలుగు అక్షరాల్లో కొత్త కార్డులు కొట్టించమన్నాడు. కొత్త కార్డంటే మళ్లీ పసుపు. మళ్లీ చదవడం. ఆదివారమే.

"మొన్ననే గడగడ సదివిండు. మా దత్తుకు ఇదెంత?" అన్నాడు నాయిన. పెదనాయిన ఈసారి కోర్పనా చుట్టాలందరినీ పిలిచాడట. సకుటుంబంగా.

సాయంత్రం 7

బియ్యం డబ్బా జరిపి చార్టు లాగాను. 'ఈ' మీద చీమలు. వదినకు మెసేజ్ పెట్టాను: "రోజుకు పది మాటలు. ఒట్టు!"

పాము ఆట బంద్.

రేపటి నుంచి. ఇప్పుడు పాము 590లో ఉంది.